నాలుగు కంపెనీలు కలిసి ఒక వెబ్ సర్వీస్ స్టాండర్డ్ రాయాలంటే

ఒక్కోసారి గొడవంతా రెండు కొటేషన్ గుర్తుల దగ్గరే ఉంటుంది. 2000 మే నెలలో వెబ్ స్టాండర్డ్‌ల సంస్థ డబ్ల్యూ3సీ నోట్‌గా వచ్చిన సోప్ 1.1 (ప్రోగ్రామ్‌లు ఒకదానికొకటి మెసేజ్‌లు పంపుకునే పద్ధతి) ప్రకారం, రిక్వెస్ట్ పంపే ప్రోగ్రామ్ సోప్‌యాక్షన్ అనే హెచ్‌టీటీపీ హెడర్ (మెసేజ్‌కి ముందు వెళ్లే వివరాల వరస) తప్పకుండా పంపాలి. దాని విలువ కొటేషన్ల మధ్య ఉంటుందని సింటాక్స్ లైన్‌లో చూపించారు కూడా. కానీ హెచ్‌టీటీపీలో హెడర్ విలువకి కొటేషన్లు తప్పనిసరి కాదు. అందుకని కొన్ని టూల్‌కిట్లు గుర్తులు లేకుండా పంపేవి, అవతల కొన్ని సర్వర్లు గుర్తులు లేకపోతే తీసుకునేవి కావు. పైగా ఖాళీ కొటేషన్లు పెడితే ఒక అర్థం, హెడర్ పేరు రాసి విలువ వదిలేస్తే ఇంకో అర్థం. ఇద్దరూ స్పెక్ (ఆ నియమాల కాగితం) చదివే కోడ్ రాశారు, ఇద్దరి కోడూ కలవలేదు.

2002 ఫిబ్రవరిలో ఐబీఎం, మైక్రోసాఫ్ట్, బీఈఏ, ఒరాకిల్, ఎస్ఏపీ లాంటి పోటీ కంపెనీలు కలిసి డబ్ల్యూఎస్-ఐ అనే సంస్థ పెట్టుకున్నాయి. కొత్త ప్రోటోకాల్ కనిపెట్టే పని దానికి లేదు. ఉన్న స్పెక్‌లలో రెండు రకాలుగా చదువుకునే వీలున్న చోట్లు వెతికి, ఒక్కోచోట ఒక్క అర్థాన్ని ఖాయం చేయడమే దాని పని. 2003 ఆగస్టులో వచ్చిన బేసిక్ ప్రొఫైల్ 1.0లో ఆర్1109 అనే నియమం ఒకే ఒక్క వాక్యం: సోప్‌యాక్షన్ విలువ కొటేషన్లలోనే ఉండాలి. పక్కనే కారణం కూడా చెప్పారు, గుర్తులు పెట్టిస్తేనే అందరి సాఫ్ట్‌వేర్ బాగా కలుస్తోందని పరీక్షల్లో తేలిందని. మూడేళ్ల తలనొప్పి ఒక వాక్యంతో తీరింది. ఆ వాక్యం రాయడానికి మాత్రం పోటీదారులంతా ఒక బల్ల చుట్టూ కూర్చోవాల్సి వచ్చింది.

స్టాండర్డ్‌కి మేం పెట్టుకునే కొలత ఇదే. ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరు, ఆ కాగితం ఒక్కటే చదివి కోడ్ రాస్తే, ఆ రెండూ మొదటిరోజే మాట్లాడుకోవాలి. ఫోన్ చేసి "ఈ ఫీల్డ్‌లో మీరు ఏం పంపుతున్నారు బాబూ" అని అడగాల్సి వస్తే ఆ చోట స్పెక్ తప్పినట్టే. బెంగళూరులో మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా ఏ ఆఫీసులో చూసినా మనవాళ్లు ఏపీఐలు, అంటే ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని పిలిచే దారులు, రాస్తూనే ఉంటారు. నాలుగైదు కంపెనీలు ఒకే ఏపీఐకి కట్టుబడాల్సిన గదిలో రేపో మాపో కూర్చోబోయేవాళ్ల కోసం ఈ పోస్ట్.

ముందు ఏ స్టాండర్డ్ సంస్థకి వెళ్లాలో చూద్దాం. ఇంటర్నెట్ అడుగు పొరలు, హెచ్‌టీటీపీ, జేసన్ (డేటాని అక్షరాల్లో రాసే రూపం), ఓఆథ్ (అనుమతులు ఇచ్చే పద్ధతి) లాంటివి ఐఈటీఎఫ్‌లో. బ్రౌజర్‌కి దగ్గరివి డబ్ల్యూ3సీలో. కంపెనీల మధ్య డాక్యుమెంట్లు, డబ్ల్యూఎస్-సెక్యూరిటీ లాంటివి ఓయాసిస్‌లో. డబ్ల్యూఎస్-ఐ కూడా 2010లో అందులోనే కలిసిపోయింది. ఏపీఐని వర్ణించే ఫార్మాట్ అయితే 2015 నవంబర్‌లో లినక్స్ ఫౌండేషన్ కింద మొదలైన ఓపెన్‌ఏపీఐ ఇనిషియేటివ్. ఐఈటీఎఫ్‌లో సభ్యత్వం అంటూ లేదు, ఎవరైనా వ్యక్తిగా చేరి మాట్లాడొచ్చు. మిగతా చోట్ల ఎక్కువగా కంపెనీ సభ్యత్వం, ఫీజు. మీ వ్యవహారం నాలుగు కంపెనీలదే అయితే ఇవేవీ అక్కర్లేదు, కానీ వీళ్ల పద్ధతులు అరువు తెచ్చుకోండి. ప్రతిదానికీ వెనక ఏదో ఒక దెబ్బ తగిలిన అనుభవం ఉంది.

మొదటి కాగితం చార్టర్, అంటే గ్రూప్ పనికి హద్దులు రాసుకునే పత్రం. ఒక పేజీ చాలు. ఏం రాస్తాం అన్నదానికన్నా ఏం రాయం అన్నది ముఖ్యం. "పేమెంట్ సెటిల్‌మెంట్ మా పరిధి కాదు" అని ముందే రాసుకుంటే ఆరో నెలలో ఎవరో ఆ చర్చ ఎత్తినప్పుడు ఛైర్ (మీటింగ్ నడిపేవారు) ఆ వాక్యం చూపించి ఆపగలరు. రాసుకోకపోతే ఆపే హక్కు ఎవరికీ ఉండదు. స్పెక్ ఎడిటర్లు ఇద్దరుండాలి, ఇద్దరూ వేర్వేరు కంపెనీలవాళ్లు. ఛైర్ ఎడిటర్ కాకూడదు. కలం పట్టుకున్న మనిషే తీర్పు కూడా చెప్తే మిగతావాళ్లకి నమ్మకం పోతుంది, ఆయన ఎంత మంచివాడైనా సరే.

ఇక మాటల దగ్గరికి వద్దాం. అసలు కష్టం ఇక్కడే. 1997 మార్చిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2119 (ఐఈటీఎఫ్ పత్రాలకి ఇలా నంబర్లు ఉంటాయి) స్పెక్‌లలో వాడే మాటలకి కచ్చితమైన అర్థం ఇచ్చింది. వాటిలో ముఖ్యమైనవి మూడు. మస్ట్ అంటే చేసి తీరాలి. మే అంటే నీ ఇష్టం. షుడ్ అంటే, వదిలేయడానికి సరైన కారణం ఉండొచ్చు, కానీ దాని పర్యవసానం పూర్తిగా తెలుసుకుని వదిలేయాలి. 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8174 ఇంకో సంగతి తేల్చింది: పెద్ద అక్షరాల్లో రాస్తేనే ఈ ప్రత్యేక అర్థాలు వర్తిస్తాయి. ఆచరణలో దెబ్బతీసేది షుడ్. గదిలో మాట తేలనప్పుడు ఇద్దరినీ సంతోషపెట్టడానికి షుడ్ రాసి లేచిపోతారు. పంపేవాడు దాన్ని "అక్కర్లేదు" అని చదువుతాడు, అందుకునేవాడు "తప్పకుండా వస్తుంది" అని చదువుతాడు. ప్రతి షుడ్ పక్కన, ఎప్పుడు వదిలేయొచ్చో ఒక వాక్యం రాయమని పట్టుబట్టండి. రాయలేకపోతే అది మస్ట్ అయినా కావాలి, మే అయినా కావాలి.

మస్ట్ రాస్తే సరిపోయిందా అంటే అదీ లేదు. "టైమ్‌స్టాంప్ ఆర్‌ఎఫ్‌సీ 3339 ఫార్మాట్‌లో ఉండాలి" అని రాశారనుకోండి. చూడటానికి ఏ లోటూ లేదు. మనవాళ్లు 2025-06-05టీ10:00:00+05:30 అని పంపుతారు. అదే విలువ యూఆర్‌ఎల్ క్వెరీలో (వెబ్ అడ్రస్‌లో ప్రశ్న గుర్తు తర్వాతి భాగంలో) వెళ్లినప్పుడు, చాలా సర్వర్ ఫ్రేమ్‌వర్క్‌లు ప్లస్ గుర్తుని ఖాళీ జాగాగా మార్చి చదువుతాయి. అందింది 10:00:00 05:30, పార్సర్ చేతులెత్తేస్తుంది. చివర జెడ్ పెట్టి యూటీసీలో (ప్రపంచమంతా వాడే ఉమ్మడి సమయంలో) పంపేవాళ్లకి ఈ తప్పు జన్మలో కనిపించదు, కాబట్టి అమెరికాలో టెస్ట్ చేసిన లైబ్రరీ బెంగళూరులో మొరాయిస్తుంది. ఫార్మాట్ పేరు చెప్పి ఊరుకోకుండా, క్వెరీలో వెళ్లేటప్పుడు ప్లస్‌ని %2బీగా రాయాలి అనో, ఎప్పుడూ యూటీసీలోనే పంపాలి అనో స్పెక్‌లో ఉండాలి.

జేసన్ నంబర్లూ ఇంతే. జేసన్ వ్యాకరణంలో అంకె ఎంత పొడవైనా ఉండొచ్చు. జావాలో 64 బిట్ల ఐడీ 9007199254740993 పంపితే, జావాస్క్రిప్ట్ దాన్ని చదివి 9007199254740992 అంటుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ పడదు, పక్కవాడి ఆర్డర్ తెరుచుకుంటుంది. 2017 డిసెంబర్ నాటి ఆర్‌ఎఫ్‌సీ 8259, సున్నాకి రెండు వైపులా 2 ఘాతం 53 లోపు పూర్ణాంకాలే అందరి దగ్గరా ఒకేలా ఉంటాయని హెచ్చరిస్తుంది. మీ స్పెక్‌లో ఐడీలన్నీ స్ట్రింగ్‌లే (కొటేషన్లలో రాసే అక్షరాలే, అంకెలు కావు) అని ఒక్క లైన్ రాస్తే ఈ పీడ వదులుతుంది.

మాట తేలకపోతే ఏం చేస్తారు? ఓయాసిస్‌లో ఓటింగ్ ఉంది. వరసగా రెండు మీటింగ్‌లకి రాకపోతే ఓటు హక్కు పోతుంది. ఐఈటీఎఫ్‌లో ఓట్లు లెక్కపెట్టరు. 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2418 ప్రకారం 51 శాతం మంది ఒప్పుకుంటే ఏకాభిప్రాయం కుదిరినట్టు కాదు, 99 శాతం అయితే అవసరమైనదానికన్నా ఎక్కువే. గదిలో ఎటు మొగ్గుందో తెలుసుకోవడానికి ఛైర్ హమ్ చేయమంటారు, పెదవి విప్పకుండా చిన్న రాగం తీసినట్టు. తలలు లెక్కకి రావు, ఎవరు ఎటున్నారో అంత తేలిగ్గా తెలియదు. అక్కడ తేలినదాన్ని మళ్లీ ఈమెయిల్‌లో అందరి ముందూ పెట్టి ఖాయం చేస్తారు, మీటింగ్‌కి రాలేనివాళ్లకీ నోరు ఉండాలి కదా.

2014లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7282 ఈ విషయంలో బంగారంలాంటి కాగితం. అభ్యంతరాలన్నీ విని, పరిశీలించి, జవాబు చెప్పాలి. అన్నిటికీ తల ఊపక్కర్లేదు. వంద మంది ఒకవైపు, ఐదుగురు ఇంకోవైపు ఉన్నా, ఆ ఐదుగురు చూపించిన లోపానికి సాంకేతికంగా జవాబు రాకపోతే మాట తేలనట్టే. తిరగేసి చూసినా అంతే. ఛైర్‌కి అందులో ఒక పనికొచ్చే సలహా ఉంది: "మీకు ఏది నచ్చింది" అని అడగొద్దు, "దీనితో బతకలేం అనేవాళ్లు ఎవరు, ఎందుకు" అని అడగాలి. మొదటి ప్రశ్నకి ఇష్టాలు బయటికొస్తాయి, రెండోదానికి లోపాలు బయటికొస్తాయి. పీటముడి పడ్డ చర్చలు ఈ ఒక్క ప్రశ్నతో సడలుతాయి.

ఇక్కడ మనవాళ్లకి ఒక మాట చెప్పాలి. మనకి మొహమాటం ఎక్కువ. కాల్‌లో పెద్ద కంపెనీ ఆర్కిటెక్ట్ గడగడా మాట్లాడేస్తుంటే, తప్పు కనిపిస్తున్నా తర్వాత చెప్దాంలే అని ఊరుకుంటాం. మౌనం అర్ధాంగీకారం అంటాం గానీ, లాస్ట్ కాల్‌లో (ఆమోదానికి ముందు అభ్యంతరాలు అడిగే ఆఖరి గడువులో) మౌనం పూర్తి అంగీకారమే. ఐఈటీఎఫ్ వర్కింగ్ గ్రూప్ డాక్యుమెంట్‌కి ఆఖరి గడువు కనీసం 2 వారాలు, ఓయాసిస్‌లో మొదటి పబ్లిక్ రివ్యూ 30 రోజులు. ఆ గడువు దాటాక మీ మాటకి బలం సగం పోతుంది. నోటితో చెప్పలేకపోతే రాయండి. రాసేటప్పుడు సెక్షన్ నంబర్, అక్కడ ఇప్పుడున్న వాక్యం, దానివల్ల ఏం విరిగిపోతుందో ఒక ఉదాహరణ, దాని బదులు మీరు పెట్టమంటున్న వాక్యం ఇవ్వండి. నాలుగోది ఇస్తే ఎడిటర్ పని తగ్గుతుంది, మీ మాట నిలుస్తుంది. "ఈ సెక్షన్ స్పష్టంగా లేదు" అని వదిలేసిన కామెంట్‌తో ఎవరూ ఏమీ చేయలేరు.

కాల్ టైమింగ్ కూడా చూసుకోవాలి. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం 9 అంటే మనకి రాత్రి 9:30. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పగానే అది 10:30 అవుతుంది. యూరప్ తిప్పేది అక్టోబర్ ఆఖరి ఆదివారం. ఈ రెండిటి మధ్య వారంలో సగం మంది కాల్ మిస్ అవుతారు. క్యాలెండర్ ఇన్వైట్‌ని యూటీసీకి కట్టేసి, రెండు కాల్‌లకి ఒకటి మనకి పగలు పడేలా అడగండి. అడగడంలో తప్పు లేదు. నిద్రమత్తులో ఒప్పుకున్న మస్ట్‌లు తర్వాత చాలా ఖర్చు పెట్టిస్తాయి.

కాగితం ఎంత బాగున్నా కోడ్ రాసి కలిపి చూడందే ఏదీ తేలదు. ఓయాసిస్ స్టాండర్డ్ కావాలంటే ఆ స్పెక్ వాడి చూశామని కనీసం 3 స్టేట్‌మెంట్లు రావాలి. డబ్ల్యూ3సీ గ్రూపులు మామూలుగా ప్రతి ఫీచర్‌కీ విడివిడిగా రాసిన 2 ఇంప్లిమెంటేషన్లు అడుగుతాయి. ఒకే కోడ్‌ని రెండు కంపెనీలు వాడితే అది రెండు కాదు, ఒకటే. ఇద్దరిదీ ఒకే తప్పు కాబట్టి పరీక్ష పాస్ అవుతుంది. ఐదు కంపెనీలుంటే ప్రతి ఒక్కరి క్లయింట్‌నీ మిగతా నలుగురి సర్వర్‌తో కలపాలి, అంటే 20 జతలు. పది రకాల మెసేజ్‌లుంటే 200 గళ్ల పట్టిక. ఒక రోజంతా ఒకే గదిలో కూర్చుని ఆ గళ్లు నింపండి. కలవక ఎర్ర గడి పడ్డ ప్రతిచోటా తప్పు కోడ్‌దా, స్పెక్‌దా అని తేల్చి రాసుకోండి. రెండోరకం ఎక్కువగా ఉంటే సంతోషించండి, ఆ పట్టిక పనికొచ్చింది.

మన ఊళ్లోనే దగ్గరగా చూడదగ్గ ఉదాహరణ బెక్న్ ప్రోటోకాల్, కొనేవాళ్ల యాప్‌లూ అమ్మేవాళ్ల యాప్‌లూ మాట్లాడుకునే పద్ధతి. ఆటోలు బుక్ చేసే నమ్మ యాత్రి యాప్ నడిచేది దాని మీదే. ఆన్‌లైన్ అమ్మకాల ఉమ్మడి నెట్‌వర్క్ ఓఎన్‌డీసీ 2022 సెప్టెంబర్ 30న బెంగళూరులో 16 పిన్‌కోడ్‌లలో బీటాగా మొదలైంది, అదీ దాని మీదే. ఇందులో సెర్చ్ పంపితే వెంటనే వచ్చేది యాక్ మాత్రమే, అందింది అన్న రసీదు. అసలు జవాబు ఆన్_సెర్చ్ అనే వేరే కాల్‌గా మీ సర్వర్‌కి తర్వాత వస్తుంది. కొత్తవాళ్లు యాక్‌ని చూసి పని అయిపోయిందనుకుంటారు. ట్రాన్సాక్షన్ ఐడీ, మెసేజ్ ఐడీ రెండూ సరిగ్గా తిప్పి పంపకపోతే ఏ జవాబు ఏ ప్రశ్నదో తెలియదు.

కానీ ఎక్కువమంది ఆగిపోయేది డిజిటల్ సంతకం దగ్గర, అంటే మెసేజ్ ఎవరు పంపారో రుజువు చేసే కోడ్ దగ్గర. మెసేజ్ బాడీకి బ్లేక్2బీ హ్యాష్ (బైట్ల నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది) తీసి, సృష్టించిన సమయం, గడువు సమయం, ఆ హ్యాష్ మూడింటినీ మూడు లైన్లుగా పేర్చి, ఈడీ25519 అనే పద్ధతితో సంతకం చేసి ఆథరైజేషన్ హెడర్‌లో పంపాలి. కోలన్ తర్వాత ఒక ఖాళీ మరిచిపోతే సంతకం చెల్లదు. హ్యాష్‌ని బేస్64లో కాకుండా హెక్స్‌లో (రెండూ బైట్లని అక్షరాలుగా రాసే పద్ధతులే) రాసినా చెల్లదు. సర్వర్ గడియారం కాస్త ముందున్నా చెల్లదు. వీటన్నిటికన్నా చాటుగా ఉండే తప్పు ఇంకోటుంది. వచ్చిన జేసన్‌ని ఫ్రేమ్‌వర్క్ ముందే విప్పేస్తుంది, మనం దాన్ని మళ్లీ జేసన్‌గా మార్చి హ్యాష్ తీస్తాం. పైథాన్ డిఫాల్ట్‌గా కోలన్ తర్వాత ఖాళీ పెడుతుంది, జావాస్క్రిప్ట్ పెట్టదు. షాపు మెనూలో "దోసె" అని తెలుగులో ఉంటే, యూటీఎఫ్-8లో అది 12 బైట్లు. పైథాన్ డిఫాల్ట్‌గా ఇంగ్లీషు కాని ప్రతి అక్షరాన్నీ ఎస్కేప్ చేసి (ఇంగ్లీషు అక్షరాలు, అంకెల కోడ్‌గా మార్చి) రాస్తుంది కాబట్టి 24 బైట్లు. అర్థం ఒకటే, హ్యాష్ వేరు. ఇంగ్లీషు మెనూతో టెస్ట్ చేసినన్నాళ్లూ అంతా పచ్చగా ఉండి, కన్నడలోనో తెలుగులోనో పేరు పెట్టిన మొదటి షాపు చేరగానే ఎర్ర గళ్లు మొదలవుతాయి.

దీనికి మందు రెండు రకాలు. వైరు మీద వచ్చిన బైట్లని ఉన్నవున్నట్టుగా హ్యాష్ చేయాలి అనాలి, లేదా ఆర్‌ఎఫ్‌సీ 8785 చెప్పినట్టు జేసన్‌ని ఒకే ఒక్క రూపంలోకి మార్చాకే చేయాలి అనాలి. ఏదో ఒకటి స్పెక్‌లో మస్ట్‌గా ఉండాలి. దాంతోపాటు టెస్ట్ వెక్టర్లు ఇవ్వాలి: ఈ తాళంచెవి (కీ), ఈ బాడీ, ఈ హ్యాష్, ఈ సంతకం, బైటు బైటుతో సహా. ఆర్‌ఎఫ్‌సీ 8032లో ఈడీ25519కి ఇచ్చిన మొదటి వెక్టర్‌లో మెసేజ్ పూర్తిగా ఖాళీ. మీ లైబ్రరీని ముందు దానిమీద సరిచూసుకోండి. మీ స్పెక్‌కి వెక్టర్లు రాసేటప్పుడు ఒక్కదానిలోనైనా తెలుగు అక్షరాలు పెట్టండి. ఈ చిన్న పని మన తరఫున ఇంకెవరూ చేయరు.

ఆ సంతకం పద్ధతి గురించే ఇంకో సంగతి. దాని రూపం ఐఈటీఎఫ్‌కి వెళ్లిన ఒక వ్యక్తిగత డ్రాఫ్ట్‌ది. ఇంటర్నెట్ డ్రాఫ్ట్‌కి ఆయుష్షు 6 నెలలు, తర్వాత కొత్త వెర్షన్ పెట్టకపోతే చెల్లదు. ఈ డ్రాఫ్ట్ 2013 నుంచి 12 వెర్షన్లు దాటింది, ఆర్‌ఎఫ్‌సీ కాలేదు, అయినా ఎన్నో వ్యవస్థలు దానిమీదే కట్టుకున్నాయి. 2024 ఫిబ్రవరిలో దాని స్థానంలో ఆర్‌ఎఫ్‌సీ 9421 వచ్చింది. అందులో హెడర్లే వేరు: సిగ్నేచర్-ఇన్‌పుట్ ఒకటి, సిగ్నేచర్ ఒకటి. పాతదానితో అది మాట్లాడదు. డ్రాఫ్ట్ మీద కట్టొద్దని మేం అనడం లేదు, ఆగితే ఏ పనీ జరగదు. కట్టేటప్పుడు ఏ వెర్షన్ నంబరో స్పెక్‌లో రాసి, ఆ పాఠాన్ని మీ దగ్గర దాచుకుని, కొత్తదానికి మారే దారి ముందే ఆలోచించండి.

పోటీ స్పెక్‌లు వచ్చినప్పుడు జరిగే నష్టం వేరు. నమ్మకంగా మెసేజ్ చేరవేయడానికి డబ్ల్యూఎస్-రిలయబిలిటీ 2004లో ఓయాసిస్ స్టాండర్డ్ అయింది, అదే పనికి డబ్ల్యూఎస్-రిలయబుల్‌మెసేజింగ్ 2007లో అయింది. ఒకే సంస్థలో, ఒకే పనికి రెండు. మొదటిదాన్ని నమ్ముకుని కట్టినవాళ్లకి మళ్లీ పని. ఆమోదం పొందినంత మాత్రాన వాడకం రాదనడానికి యూడీడీఐ అనే స్టాండర్డ్ ఉంది: దాని మీద నడిచిన బహిరంగ సర్వీస్ డైరెక్టరీని 2006 జనవరిలో ఐబీఎం, మైక్రోసాఫ్ట్, ఎస్ఏపీ మూసేశాయి.

పేటెంట్ల మాట మొదటి మీటింగ్‌లోనే తేల్చుకోండి. డబ్ల్యూ3సీలో మొదటి పబ్లిక్ డ్రాఫ్ట్ వచ్చాక 150 రోజుల్లోపు, క్యాండిడేట్ దశలో ఇంకో 60 రోజుల్లోపు, సభ్య కంపెనీ తన పేటెంట్ ఏదైనా మినహాయించాలంటే చెప్పాలి. ఆ తర్వాత రాయల్టీ లేకుండా ఇచ్చి తీరాలి. మీ నలుగురి గ్రూప్‌కి ఒక పేజీ ఒప్పందం చాలు, కానీ సంతకాలు కోడ్ మొదలుకాకముందే పడాలి.

చివరికి పొడిగింపుల సంగతి. ఎవరో ఒకరికి స్పెక్‌లో లేని ఫీల్డ్ కావాల్సి వస్తుంది. తెలియని ఫీల్డ్ కనిపిస్తే పట్టించుకోకుండా ముందుకెళ్లాలా, తిప్పికొట్టాలా అన్నది మొదటి వెర్షన్‌లోనే రాయాలి. తర్వాత రాస్తే అప్పటికే సగం సర్వర్లు ఒకలా, సగం ఇంకోలా ఉంటాయి. సోప్‌లో దీనికి చక్కని ఏర్పాటు ఉంది, హెడర్ బ్లాక్ మీద మస్ట్‌అండర్‌స్టాండ్ 1 అని పెడితే అర్థం కానివాడు ఎర్రర్ ఇచ్చి తీరాలి. ట్రయల్ ఫీల్డ్‌కి ముందు ఎక్స్ అక్షరం, ఒక గీత తగిలించే అలవాటు మాత్రం వద్దు. 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6648 దాన్ని మానేయమంది, ఎందుకంటే ట్రయల్ పేర్లు ట్రయల్‌గా ఉండవు. బ్రౌజర్‌లో ఫారం నింపి సబ్మిట్ నొక్కితే ఈరోజుకీ డిఫాల్ట్‌గా వెళ్లే కంటెంట్ టైపు పేరులో ఆ ఎక్స్, ఆ గీత అలాగే ఉన్నాయి: అప్లికేషన్/ఎక్స్-డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-ఫారం-యూఆర్‌ఎల్ఎన్‌కోడెడ్.